కార్తె కూడా రెండు వారాల స్ప్రింటే!

2022 డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున యూట్యూబ్‌లో పద్నాలుగు నిమిషాల వీడియో ఒకటి చూసి, మా ఇంటెనుక మామిడిచెట్టు కొమ్మలు కోసేశాను. ఆ వీడియోలో స్వెటర్ వేసుకున్న విదేశీ పెద్దమనిషి ఒకాయన, చెట్లను చలికాలంలోనే కత్తిరించాలని చాలా నమ్మకంగా చెప్పాడు. ఆయన ముందున్నది ఆపిల్ చెట్టు. ఆ చిన్న తేడాను నేను పట్టించుకోలేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త రంపం, చేతులకు గ్లౌజులు. రెండు గంటల్లో చెట్టు గుండ్రంగా, నీట్‌గా తయారైంది. ముందొకటి, తర్వాతొకటి ఫొటోలు తీసి స్టేటస్ పెట్టాను. ఫ్రెండ్స్ అందరూ థంబ్స్ అప్ కొట్టారు. నానమ్మ మాత్రం అరుగు మీద నుంచి ఒక్క మాటే అన్నది.

"పూతకొచ్చే చెట్టును గిట్ల గొరుగుతరా కొడుకా?"

2023 ఎండాకాలంలో ఆ చెట్టుకు ఒక్క కాయ కూడా కాయలేదు.

మా మెట్‌పల్లి ఉన్నది జగిత్యాల జిల్లాలో. మామిడికి పేరున్న జిల్లా. ఎండాకాలం వచ్చిందంటే చల్‌గల్ మార్కెట్ దగ్గర ఎక్కడ చూసినా మామిడికాయల బండ్లే. అట్లాంటి చోట, తాత పెట్టిన నాటు మామిడి ఇంట్లోనే ఉండగా, ఆ ఏడాది తొక్కు పెట్టడానికి కాయలు కొనుక్కొచ్చాం. నానమ్మ నన్ను ఏమీ అనలేదు. కొన్న కాయలను ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూసి, "టెంక ముదరలేదు" అని సగం పక్కన పెట్టింది. ఆమె తిట్టినా బాగుండేది. ఆ ఏడాది జాడి సగమే నిండింది.

సరిగ్గా అప్పుడే బాపు కారు కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌దే, కానీ ఆయనకు అది కొత్త పెళ్లికూతురు లెక్క. గల్లీలో ఎండకు పెట్టడం ఇష్టం లేదు. "కాయని చెట్టుకు అంత జాగెందుకు? కొట్టేసి రేకుల షెడ్డు ఏస్తే బండి నిలుస్తది" అన్నాడు.

నాకు నోరు లేవలేదు. చెట్టు కాయకపోవడానికి కారణం నేనే. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఏడాదిన్నర కింద మా ఇంట్లో ఒక చెట్టు పోయింది. దాన్ని కొట్టిద్దామన్నది కూడా నేనే.

తొందరపడి కొట్టిచ్చిన వేప

2021 గుర్తుందా? వానాకాలం చివరి నుంచి తెలంగాణలో ఎక్కడ చూసినా వేపచెట్లు ఎండిపోవడం మొదలైంది. కొమ్మ చివర్లు గోధుమ రంగుకు తిరిగి, ఆకు మాడి, ఎవరో కింద మంట పెట్టినట్టు కనిపించేవి. సెల్ టవర్ల వల్లనేనని ఒకరు, చెట్లకు కూడా కరోనా వచ్చిందని ఇంకొకరు. మా ఫ్యామిలీ గ్రూపులో రోజుకో థియరీ.

ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పింది వేరు. ఫోమోప్సిస్ అనే శిలీంద్రం కొమ్మలను చివరి నుంచి వెనక్కి ఎండబెడుతోంది. దానికి టీ దోమ తోడైంది. ఈ దోమ లేత కొమ్మల రసం పీలుస్తుంది. ఒకపక్క తెగులు, ఇంకోపక్క పురుగు. చూసేవాళ్లకు చెట్టు చచ్చిపోయినట్టే ఉంటుంది. కానీ చాలా చెట్లకు ఎండింది పై కొమ్మలే. మొదలు బతికే ఉంది, వేర్లు బతికే ఉన్నాయి.

మేం అది తెలుసుకునే దాకా ఆగలేదు. గాలిదుమారానికి కొమ్మ విరిగి గూన పెంకల మీద పడుతుందని ఇంట్లో అందరినీ నేనే భయపెట్టాను. మనుషులను మాట్లాడి పిలిపించాను. నా కంటే వయసులో పెద్ద చెట్టు ఒక్క పూటలో కట్టెల కుప్పయింది.

2022 ఉగాదికి చూస్తే, మా గల్లీలోనే నాలుగిళ్ల అవతల, మా దాని కంటే ఘోరంగా మాడిన వేపచెట్టు ఎర్రటి చిగుళ్లేసింది. పచ్చడికి వేపపూత కోసం మేం ఇంకో వాడకు పోయి అడుక్కొచ్చుకున్నాం.

తర్వాత నేర్చుకున్న చిన్న పరీక్ష ఒకటి చెప్తాను, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. చెట్టు ఎండిందని అనుమానం వస్తే, కొమ్మ బెరడును గోరుతోనో కత్తి కొసతోనో కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికున్నట్టు. పొడిగా, గోధుమ రంగులో ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకండి. పచ్చదనం దొరికే దాకా వచ్చి, అక్కడికి కాస్త కిందుగా కోస్తే చాలు. ఎక్కడా దొరక్కపోయినా, మోడు మొదట్లోంచి చిగురొస్తుందేమో ఒక ఎండాకాలం దాటనివ్వండి. గీకడం అర నిమిషం పని. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

బాపు పెట్టిన డెడ్‌లైన్

అందుకే మామిడి దగ్గరికి వచ్చేసరికి బతిమాలుకున్నాను. "ఒక్క ఏడు ఆగు బాపూ."

"సంక్రాంతి దాకా ఆగుత. పూత రాకుంటే నన్ను అడగొద్దు" అన్నాడు.

అది 2023 జూన్. చేతిలో ఉన్నది ఏడు నెలలు. ఈసారి యూట్యూబ్ తెరవలేదు. ఫోన్ పట్టుకుని నానమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఎప్పుడు కొయ్యాలి, ఎప్పుడు ఎరువెయ్యాలి, ఎప్పుడు నీళ్లు ఆపాలి, ఒక్కొక్కటే అడిగి నోట్స్‌లో కొట్టుకుంటున్నాను. నేను నెల అడిగితే ఆమె కార్తె చెప్పేది.

"కాయ తెంపినంక, మిరుగం దాటి ఆరుద్రల కొయ్యి. స్వాతిల నీళ్లు బంద్ వెట్టు."

మిరుగం అంటే మృగశిర కార్తె. జూన్ 8 దగ్గర మొదలవుతుంది. ఆ రోజు మన దగ్గర చేపల కూర వండని ఇల్లు తక్కువ. అంతవరకే నాకు తెలుసు. మిగతా కార్తెలన్నీ గూగుల్ చేసి లిస్టు రాసుకుంటే ఒకటి తట్టింది. కార్తెలు మొత్తం 27. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండేది పదమూడు, పద్నాలుగు రోజులు. అంటే రెండు వారాలు. మా ఆఫీసులో స్ప్రింట్ కూడా రెండు వారాలే!

మన రైతులు ఏడాదిని ఎన్నో తరాలుగా 27 స్ప్రింట్‌లుగా నడుపుతున్నారన్నమాట. ఒక్కటే తేడా. మా దాంట్లో పని అవ్వకపోతే స్టాండప్ కాల్‌లో ఒక సారీ చెప్పి తర్వాతి స్ప్రింట్‌లోకి నెట్టేస్తాం. చెట్టు దగ్గర అది నడవదు. ఆరుద్రలో చెయ్యాల్సిన పనిని మూలలో చేస్తే, చెట్టు దాన్ని తీసుకెళ్లి వచ్చే ఏడాదిలో పడేస్తుంది. డిసెంబర్‌లో నేను చేసింది అదే. పని మంచిదే, కార్తె తప్పింది.

లెక్క ఎక్కడ తప్పింది?

మామిడి పూత కొమ్మ చివరన వస్తుంది. అది కూడా బాగా ముదిరిన కొమ్మ చివరన. వానాకాలంలో వచ్చిన రాగి రంగు చిగురు ఆకుపచ్చగా మారి, గట్టిపడి, కొన్ని నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. తర్వాత చలికాలం రాత్రులు చల్లబడగానే ఆ చివర్లలోని మొగ్గ పూతగా మారుతుంది. నేను సరిగ్గా ఆ చివర్లనే కోసి కుప్ప పోశాను. చెట్టు ఏం చేస్తుంది పాపం? పూత బదులు ఆకులేసుకుంది.

ఆపిల్‌కు చలికాలంలో ఆకు రాలుతుంది, నిద్రపోతుంది. అందుకే అక్కడ అప్పుడు కోస్తారు. మన మామిడి చలికాలంలో నిద్రపోదు. దానికి పని ఉండేదే అప్పుడు. అందుకే కాయ తెంపిన వెంటనే, జూన్ జూలైల్లో కత్తిరిస్తే కొత్త చిగురు ముదరడానికి నాలుగైదు నెలల టైమ్ దొరుకుతుంది.

ఆరుద్ర నుంచి హస్త దాకా

ఆరుద్ర వచ్చాక రంపం తీశాను. నా డిసెంబర్ కోతల దగ్గర గుత్తులు గుత్తులుగా పిచ్చి చిగుళ్లు వచ్చి ఉన్నాయి. ఒక్కో చోట రెండు మూడు గట్టివి ఉంచి మిగతావి తీసేశాను. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి తీశాను. నడి చెట్టులోకి వెలుతురు పడాలి, అదే గుర్తు. మొత్తం చెట్టులో పావు వంతు కూడా కొయ్యలేదు.

పెద్ద కోతలకు బోర్డో పేస్ట్ పూశాను. వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. మైలుతుత్తం ఒక దాంట్లో, సున్నం ఒక దాంట్లో సగం సగం నీళ్లతో కరిగించి తర్వాత కలపాలి. ఇనుప బకెట్ వద్దు, ప్లాస్టిక్‌దే వాడండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. నా గ్లౌజులు చివరికి పనికొచ్చింది ఇక్కడే.

ఎరువు మొదట్లో పొయ్యడం మనందరం చేసే తప్పు. నీళ్లు, ఎరువు తాగే సన్న వేర్లు కొమ్మల నీడ అంచు దాకా పాకి ఉంటాయి. ఆ అంచు వెంబడి చుట్టూ చిన్న కాలువ తీసి, మాగిన పశువుల పెంట నాలుగు తట్టలు వేసి మన్ను కప్పాను.

పక్కనే కూరగాయల పందిరి వేశాం. గుంజలు మా వేపచెట్టు కట్టెలే. బీర, కాకర, చిక్కుడు గింజలు పెట్టాం. మామిడి నీడలో నానమ్మ పది పసుపు కొమ్ములు పాతింది. పసుపుకు కొంచెం నీడ ఉన్నా పర్వాలేదు. మా వైపు పసుపు అంటే ఇంట్లో మనిషి లెక్క. పక్కనున్న కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానమే ఉంది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు కూడా మొదలైంది. జూన్‌లో పెడితే తవ్వేది తొమ్మిది నెలలకు. తవ్వాక ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. ఇన్‌స్టంట్‌గా ఏదీ రాదని పిల్లలకు చెప్పాలంటే ఒక పసుపు కొమ్ము పెట్టిస్తే చాలు.

జూలైలో బంతి నారు పోశాం. బతుకమ్మ నాటికి పూలు కావాలంటే అప్పుడే పొయ్యాలి. దసరాకు నెల ముందు నర్సరీకి పరుగెత్తితే దొరికేవి వాళ్ల పూలు, మన జేబులోంచి పైసలు. తంగేడు, గునుగు మాత్రం ఎవరూ పెంచరు. అవి ఊరి బయట వాటి కార్తె చూసుకుని అవే వస్తాయి.

యాప్ ఒకటి చెప్తది, నానమ్మ ఒకటి

స్వాతి కార్తె అక్టోబర్ 24 దగ్గర వస్తుంది. అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

నేను ఊరికే ఉండలేక ఒక చిన్న ప్రాజెక్ట్ చేశాను. చెట్టు మొదట్లో తేమ సెన్సర్, ఒక వైఫై బోర్డు, డ్రిప్ పైపుకు మోటర్ వాల్వ్. నేల ఎండితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. పెరట్లో వైర్లు పరుస్తుంటే నానమ్మ "చెట్టుకు సెలైన్ ఎక్కిస్తున్నవా?" అని అడిగింది. వానాకాలమంతా బ్రహ్మాండంగా పని చేసింది. వానాకాలంలో దానికి పనేం లేదు కదా!

నవంబర్‌లో మొదలైంది గొడవ. రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ మోగేది: నేల ఎండింది, నీళ్లు కావాలి. నానమ్మ మాట మాత్రం ఒక్కటే: "పెట్టకు." పూతకు ముందు రెండు నెలలు నేల ఆరాలి. నీళ్లు దొరికితే చెట్టు మళ్లీ ఆకుల మీద పడుతుంది, పూత వెనక్కి పోతుంది. నా సెన్సర్ చెప్పేది అబద్ధం కాదు. నేల నిజంగానే ఎండింది. కాకపోతే ఎండాల్సిన టైమ్‌లోనే ఎండిందని దానికి నేను చెప్పలేదు.

నోటిఫికేషన్ మ్యూట్ చేశాను. వాల్వ్ తీసేశాను. ఏమీ చెయ్యకుండా ఉండడం కూడా తోటపనిలో ఒక పనేనని అప్పుడే తెలిసింది. అన్నిటికంటే కష్టమైన పని కూడా అదే. రోజుకు రెండుసార్లు పోయి కొమ్మల చివర్లు చూసి వచ్చేవాణ్ని.

సంక్రాంతి వచ్చింది, పూత రాలేదు

2024 సంక్రాంతి జనవరి 15న. గల్లీలో వేరే ఇళ్ల మామిళ్లు కొన్ని అప్పటికే పూశాయి. మా చెట్టు మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది. బాపు చెట్టు దాకా పోయి పైకి చూసి వచ్చాడు. నేను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"పండుగ పూట గొడ్డలి ముట్టొద్దు" అన్నది నానమ్మ. కనుమ వెళ్లింది. "శ్రవణం పోనీ" అన్నది. అట్లా ఆమె ఒక్కో సాకుతో పది రోజులు లాగింది. మా మేనేజర్ల దగ్గర కూడా ఇంత బాగా డెడ్‌లైన్ జరిపినవాళ్లను నేను చూడలేదు.

జనవరి చివర్లో ఒక పొద్దున కాల్‌లో ఉన్నాను. వెనుక నుంచి బాపు గొంతు: "ఇగో, ఇటు రా ఒకసారి." మ్యూట్ కొట్టి పరుగెత్తాను. తూర్పు వైపు కొమ్మ చివరన మొగ్గ ఉబ్బింది. పక్కన ఇంకోటి. వాటి నడుమ లేత ఎరుపు కంకి ఒకటి అప్పుడే విచ్చుకుంటున్నది. బాపు నోట్లో వేపపుల్ల. నాలుగిళ్ల అవతలి చెట్టుదే. ఆయన దాన్ని నమలడం ఆపి, "షెడ్డు ఎండకాలం దాటినంక చూద్దాంలే" అన్నాడు.

పూత వచ్చిందంటే తేనెమంచు పురుగు వెంటే వస్తుంది. పూత రసం పీల్చి జిగట వదులుతుంది. ఆ జిగటంతా కింద నిలబెట్టిన బాపు కారు మీద పడింది! లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు గూకేటప్పుడు కొట్టాం. ఒక జాగ్రత్త. మందు కొట్టేది పూలు విచ్చుకోక ముందే. విచ్చుకున్నాక ఏదీ కొట్టొద్దు. మామిడికి కాయ కట్టించేది ఈగలు, తేనెటీగలే. నీళ్లు కూడా మళ్లీ పెట్టేది పిందె బఠాణీ గింజంత అయ్యాకే.

ఆ ఏడాది కాసినవి నలభై ఒక్క కాయలు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. అందులో పదిహేను కోతులు తిన్నాయి. మా వైపు కోతుల సంగతి తెలిసిందే, వాటికి ఏ కార్తె లేదు, ఏ సెన్సర్ లేదు. మిగిలిన వాటితో చిన్న జాడి నిండింది. 2025లో లెక్క వదిలేశాం. అల్లం ఎల్లిగడ్డ తొక్కు పెద్ద జాడి నిండా పెట్టి, మూతికి మన మెట్‌పల్లి ఖాదీ గుడ్డ కట్టింది నానమ్మ. షెడ్డు ఊసు ఎవరూ ఎత్తడం లేదు. గేటు కొంచెం పక్కకు జరిపించాం. కారు సగం నీడలో, సగం ఎండలో నిలబడుతుంది. బాపు దానికి కవర్ కొన్నాడు.

మబ్బును కూడా చూడు

ఇదంతా చదివి కార్తె క్యాలెండర్‌ను గుడ్డిగా పట్టుకోకండి. కార్తె సూర్యుడి లెక్క, తేదీ మారదు. వాన అట్లా కాదు. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. అప్పటికి 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. రోళ్లు పగలాల్సిన రోహిణిలోనే మబ్బులు కమ్మాయి. ఈ మాటే నానమ్మతో అంటే, "కార్తెను జూడు, మబ్బును జూడు, చెట్టును జూడు" అన్నది. మూడూ ఒకటే చెప్తే పని చెయ్యి, చెప్పకపోతే ఆగు అని ఆమె అర్థం.

రోహిణి కార్తెలో మీ ఇంట్లో చెయ్యాల్సినవి మూడే.

ఒకటి, స్లాబు మీది చెత్త ఊడ్చి, నీళ్ల పైపు మూతులు తెరవండి. గూన ఇల్లయితే కోతులు తిప్పిన పెంకలు సర్దించండి.

రెండు, జాగ ఉంటే ఇంకుడు గుంత తవ్వండి. గోడకు పది అడుగుల దూరంలో, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. వంద గజాల స్లాబు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్ల పైనే నీళ్లు. ఇప్పుడవన్నీ మోరీ పాలు.

మూడు, ఎండిందనుకుంటున్న చెట్టు ఏదైనా ఉంటే గోరుతో గీకి చూడండి.

అన్నట్టు, మా పందిరి గుంజ పక్కన ఒక వేపమొక్క దానంతటదే మొలిచింది. ఏ పిట్ట వేసిన గింజనో. మోకాలెత్తు అయ్యింది. దాని చుట్టూ నాలుగు కంపలు పెట్టడం తప్ప నేనేమీ చెయ్యడం లేదు.

నిన్న రాత్రి నానమ్మ అడిగింది. "నీ ఫోన్ల మిరుగం ఎన్నడున్నది?"

"జూన్ ఎనిమిది."

"రంపానికి నూనె రాసి పెట్టు. కని ఆరుద్ర దాక ముట్టకు."